పూత పోవద్దు

సిస్టరమ్మ పోయిందని ఎల్లారెడ్డి నుంచి ఫోను వచ్చేసరికి అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆదివారం పొద్దున. ఫోను చేసింది మాతోపాటు రోజూ కామారెడ్డి బస్సులో వచ్చే టీచరు. నిన్న సాయంత్రం కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయిందట. మట్టిలో పెట్టేది రెండు గంటలకట.

మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. అవ్వకు చెప్పాను. చేతిలో ఉన్న ఆకు చుట్టడం పూర్తి చేసి, దారం కట్టి, అప్పుడు నిట్టూర్చింది.

"అయ్యో, పాపం. మంచిదే గని, మతిమరుపు మనిషి."

తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో సిస్టరమ్మ ఊసెత్తితే వెనకే ఈ మాట వస్తుంది. అది అబద్ధమని ఈ ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. తెలిసి కూడా నోరు మూసుకున్నదాన్ని నేనే. ఇవాళ మట్టిలో పెట్టేలోపైనా అవ్వకు నిజం చెప్పాలి. చెప్పడానికి ధైర్యం చాలక, వేసుకున్న చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడిపోయాను.

సిస్టరమ్మకు ఒక పేరుంది. తెల్లకోటు మీద పిన్నుతో పెట్టుకునేది కూడా. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. కామారెడ్డిలో ఒక చిన్న ఆపరేషన్ల దవాఖానాలో నర్సు. ఎల్లారెడ్డిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద తన చేతిరుమాలు పరిచేది, దస్తి అనేది దాన్ని. లింగంపేటలో నేనెక్కేదాకా ఆ సీటు జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నేను కామారెడ్డిలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. రోజూ ఆ దస్తి తీసి చేతికిస్తూ కూర్చోవాలి. దానికి ఎప్పుడూ నాలుగైదు ముడులుండేవి. చెప్పాల్సిన మాటకు ఒకటి, తేవాల్సిన మందుకు ఒకటి. పని అయ్యాకే ముడి విప్పేది. ఒకరోజు చూసుకోకుండా దస్తి మీదే కూర్చున్నాను.

"లే బిడ్డా, లే. మూడో బెడ్డు ముసలాయన నీ కింద నలుగుతుండు," అంది.

ఆమెతో ప్రయాణంలో నాకు మొదట్లో సిగ్గుతో తల తీసేసినట్టుండేది. కారణం ఆమె అడిగే ప్రశ్న. ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే చాలు, జ్వరమా, దగ్గా అని అడగదు. నలుగురిలో, గొంతు కొంచెం కూడా తగ్గించకుండా, "పొద్దుగాల ఏం రంగు పోయింది?" అని అడుగుతుంది. కండక్టరు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి టికెట్లు కొడుతుంటే అతన్నీ అడిగింది.

"సిస్టరమ్మా, గిది బస్సు," అన్నాడతను.

"బస్సెక్కినోళ్లకు కడుపుండదా? చెప్పు. సున్నం లెక్కనా, తారు లెక్కనా?"

బస్సంతా నవ్వింది. అతను మాత్రం తాడ్వాయి దాటాక మెల్లగా వచ్చి, ఆమె చెవిలో ఏదో చెప్పిపోయాడు. "మంచిగనే ఉన్నడు," అని నాకు చెప్పింది, నేను అడిగినట్టు. సున్నంలా తెల్లగా పోతే కాలేయంలోంచి వచ్చే పసరు పేగుల్లోకి దిగడం లేదని, తారులా నల్లగా పోతే కడుపులో ఎక్కడో నెత్తురు కారుతోందని, రోజూ వినీ వినీ నాకూ తెలిసిపోయింది. కాలేజీలో పిల్లలు కడుపునొప్పి అని సెలవు అడిగితే ఆ ప్రశ్న నా నోటిదాకా వచ్చి ఆగేది.

ఇంకొక అలవాటు, మనిషిని ఎండలోకి లాగడం. దవాఖానాలో పసిరికల, అంటే కామెర్ల, అనుమానంతో ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, సూర్యుడి వైపు తిప్పి, కంటి కింది రెప్ప బొటనవేలితో కిందికి గుంజి చూసేది. "ట్యూబులైటు కింద అందరు తెల్లగనే కనపడ్తరు," అనేది. మందు ఎట్లా వాడాలో చెప్పాక ఊరికే పంపదు. "ఏం చెప్పిన? మల్ల చెప్పు," అని అప్పజెప్పించుకునేది. ఒక్క మాట తప్పు పోయినా మళ్లీ మొదటినుంచి. మా కాలేజీలో నేను కూడా అంత పట్టుగా పాఠం అప్పజెప్పించుకోలేదు.

అట్లాంటి మనిషిని మా అవ్వ మతిమరుపు మనిషి అంటుంది.

మా నాయన, బాపుకు పసిరికలైన ఏడాది సంగతి ఇది. పసరు దిగే తొవ్వలో రాయి అడ్డం పడ్డదని స్కానింగులో తేలింది. రాయి తీయడానికి హైదరాబాదు పోవాలి, అక్కడ రెండు వారాల తర్వాత తారీఖు దొరికింది. అప్పటిదాకా వాడమని కామారెడ్డి డాక్టరు మందులు రాశాడు. మోకాళ్ల నొప్పులకు బాపు ఏళ్ల తరబడి మింగుతున్న గోలీలు ఆ రోజుతో బందు పెట్టించాడు. అవ్వ బాపును నెత్తురు పరీక్షకు తీసుకుపోయింది. సిస్టరమ్మ నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, చిన్న పసుపురంగు గోలీ అట్ట ఒకటి నా చేతిలో పెట్టింది.

"పసిరికలకు కడుపు గోలీ ఎందుకు సిస్టరమ్మా?" అని అడిగాను.

"మీ అవ్వ నేల అలుకుతది గద?"

"వాకిలి, వంటిల్లు ఇంకా అలుకుతది."

"కడుపుల గూడ గట్లనే అలుకుంటది. అన్నం అరిగించే పుల్లటి నీళ్లు మస్తు కాటు. గా అలుకు లేకుంటే అవి కడుపునే తింటయి. అందుకే కడుపు పాపం ఒక్కరోజు పండుకోకుంట తన్ను తనే అలుక్కుంటది. ఇగ పసిరికలైనంక ఏమైతది? పేగులకు పోవాల్సిన పసరు నెత్తురుల కలుస్తది. కడుపుకు నెత్తురు సక్కగ అందది. అలికే చెయ్యి సన్నబడ్తది. అలుకు పలుచగయితది. పలుచగైన కాడ పుండు పడ్తది, నెత్తురు కారుతది. మల్ల పసిరికలోళ్లకు నెత్తురు కారితే జల్ది గడ్డ కట్టది. మీ బాపు కడుపును నొప్పుల గోలీలు ముందే సగం గీకి పెట్టినయి. గందుకే గీ గోలీ. పుల్లటి నీళ్లు తక్కువ ఊరుతయి."

తర్వాత అట్టను గోటితో తట్టి చూపింది.

"దీని మీద గూడ పూతున్నది. గా నీళ్లల్ల పడి మందు ఖరాబు గాకుంట. కొరకొద్దు, పలగ్గొట్టొద్దు, పూత పోవద్దు. పొద్దుగాల పరగడుపున సాంతం మింగాలె. ఏం చెప్పిన? మల్ల చెప్పు."

చెప్పాను. "పరగడుపున ఒకటి. సాంతం మింగాలె. పూత పోవద్దు." బాగా చెప్పానని భుజం తట్టి, దస్తిలో ఒక ముడి విప్పింది.

ఆ రోజు మా కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు. అవ్వను, బాపును కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కించేసరికే ఆలస్యమైంది. మందుల పొట్లం కిటికీలోంచి అవ్వకు అందించాను. బస్సు కదిలింది. "పసుపు గోలీ పరగడుపున ఒకటి," అని అరిచి ఆటో కోసం ఉరికాను. మిగతా మాటలు సాయంత్రం ఇంటికి పోయి చెప్పొచ్చనుకున్నాను. సాయంత్రానికి మర్చిపోయాను. మర్నాడూ గుర్తు రాలేదు.

మా అవ్వ పత్యం మొదలుపెట్టిందంటే ఇల్లంతా చేయాల్సిందే. పసిరికలైన మనిషి పసుపు ముట్టొద్దు, పసుపు చూడొద్దు అని ఆమె నమ్మకం. ఆమె తల్లిదీ అదే నమ్మకం, మా వాడలో అందరిదీ అదే. కూరల్లో పసుపు మానేసింది. పప్పు వండలేదు. వాకిట్లో విరగబూసిన బంతిచెట్లు పీకి పెంటకుప్పలో వేసింది. బాపు పసుపు తువ్వాల పెట్టె అడుగుకు పోయింది. శుక్రవారం గడపకు పసుపు రాయకుండా ఉత్త బొట్లు పెట్టింది. మెడలో పసుపుతాడు తీయలేదు కానీ, బాపు కంట పడకుండా రవిక లోపలికి దోపుకుంది. ఆ పదకొండు రోజులు బాపు ముందు తిరిగినప్పుడల్లా చెయ్యి ఛాతీ మీద పెట్టుకునే తిరిగింది. బాపు మీద ఆమెకు ఎంత ప్రేమో నేను అప్పుడు చూశాను, అంతకుముందు వాళ్లిద్దరూ కొట్లాడుకోవడమే ఎక్కువ చూశాను.

పొద్దున్నే నేను తయారవుతుంటే పెరట్లో అవ్వ బీడీ కత్తెర పట్టుకుని ఏదో చిన్నదాన్ని జాగ్రత్తగా గీకుతూ కనిపించేది. ఆకుల పనే అనుకున్నాను. దగ్గరికి పోయి చూడలేదు.

పన్నెండో రోజు ఆదివారం. చర్చి అయ్యాక సిస్టరమ్మ ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. తెల్లచీర, చంకలో బైబిలు, చేతిలో జామకాయల సంచి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "అన్నా, ఎండలకు రా," అని బాపును వాకిట్లోకి తీసుకుపోయింది. బాపు లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. రెండు రోజులుగా కళ్లు తిరుగుతున్నాయంటే నీరసమే అనుకున్నాం. ఆమె రెప్ప గుంజి చూసింది. కన్ను పసుపే, రెప్ప లోపల మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"పొద్దుగాల ఏం రంగు అన్నా? సున్నం లెక్కనే గద?"

బాపు సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు. ఆమె వదలదు. చివరికి నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"సున్నం గాదు చెల్లె. వంటింట్ల సిల్వర్ గంజు లెక్క మెరుస్తున్నది. నాకే సమజైతలేదు."

సిస్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. సున్నంలో తారు కలిస్తే ఆ రంగు వస్తుందని తర్వాత చెప్పింది, ఇన్నేళ్ల నౌకరీలో రెండోసారి విన్నదట. అప్పుడు మాత్రం బాపు నాడి పట్టుకుని, "పసుపు గోలీ ఏసుకుంటున్నవా?" అని మాత్రమే అడిగింది.

అవ్వ ముందుకు వచ్చింది. సంబరంగా చెప్పింది.

"ఒక్కరోజు తప్పియ్యలే సిస్టరమ్మా. పసుపంత గీకి, తెల్లగ చేసి, నా చేత్తోని ఇస్తున్న."

కిటికీలో కాగితం మీద పసుపు పొడి చిన్న కుప్పగా ఉంది. ఇంట్లో పారవేస్తే బాపు తొక్కుతాడని, ఎవరూ లేనప్పుడు వాగులో కలుపుదామని దాచిందట. పక్కన కత్తెర. సిస్టరమ్మ ఆ పొడిని చూసింది. నన్ను చూసింది. బెంచీ మీద నేను అప్పజెప్పిన మాటలు మా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చాయి. పూత పోయిన మందు కడుపులో పడీ పడగానే పాడైపోయిందని, పదకొండు రోజులు బాపు ఏ మందూ వేసుకోనట్టేనని నాకు అర్థమైంది.

మా మొహాలు చూసి అవ్వకు అనుమానం వచ్చింది.

"ఏందట్ల చూస్తున్నరు? తప్పయిందా? గీకొద్దని నాకెవ్వలు చెప్పలే." నా వైపు తిరిగింది. "నీకేమన్న చెప్పిందానే?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకు ఈ రోజుకీ తెలియదు. అవునని అనేదాన్నే అని నన్ను నేను చాలాసార్లు నమ్మించుకున్నాను. అంతలో సిస్టరమ్మ అందుకుంది.

"చెప్పలే అక్కా. పూత పోవద్దని చెప్పుడు నేనే మర్చిపోయిన. తప్పు నాదే. జల్ది ఆటో పిలువుండ్రి."

కామారెడ్డి పోయేదాకా ఆటోలో బాపు తల ఆమె ఒళ్లోనే ఉంది. దవాఖానాలో నెత్తురెక్కించారు. గొంతులోంచి సన్నటి గొట్టం వేసి చూశారు. సిస్టరమ్మ లోపలుండి చూసి వచ్చి, "అలుకు లేసిపోయింది బిడ్డా. మూడు చోట్ల నెత్తురు ఊరుతున్నది," అంది. పుండ్లకు వైద్యం చేశారు, నెత్తురు గడ్డకట్టే సూదులిచ్చారు. మూడు రోజులు ఆమె ఇంటికి పోలేదు. డ్యూటీ అయ్యాక బాపు మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. అవ్వ ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఇచ్చిన చాయ్ తాగలేదు. "చెప్పుడు మర్చిపోయిందట. గిదేం నౌకరి," అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పింది, ఆమె వింటుండగానే. నేను అక్కడే ఉన్నాను. బాపు బతుకుతాడో లేదో తెలియని ఆ మూడు రోజులూ భయంతో నిజం చెప్పలేకపోయాను. నాలుగో రోజు బాపు లేచి కూర్చుని జావ తాగాడు. ఇక ఎందుకులే అనిపించింది.

తర్వాత హైదరాబాదులో రాయి తీశారు. బాపు ఇంకో ఏడేళ్లు మక్క పెట్టాడు, వరి పెట్టాడు, అవ్వతో కొట్లాడాడు. రెండేళ్ల కింద గుండెజబ్బుతో పోయాడు.

నేను మళ్లీ కాలేజీకి పోయిన మొదటిరోజు బస్సులో సిస్టరమ్మ పక్క సీటు మీద దస్తి పరిచే ఉంది. తీసి చేతికిచ్చాను. ఏడుపొచ్చింది.

"నువ్వు బస్సు ఎల్లిపోతదని ఉర్కినవు. గంతే," అంది. "మీ అవ్వ పెనిమిటి మీద పానం పెట్టుకున్నది. నీకు చెప్పిన అంటే బిడ్డ మీద మనసు ఇరుగుతది. నా మీద ఇరిగితే ఏమైతది? నేను బయటిదాన్ని."

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పండుగలకు మా ఇంటికి వచ్చేది. అవ్వ కోపం కొన్నాళ్లకు ఎగతాళిగా మారింది. "మతిమరుపు సిస్టరమ్మా, ఉప్పేసుకున్నవా? అన్నం తిన్నవో మర్చిపోయినవో?" అని ఆటపట్టించేది. ఆమె నవ్వి, "అవునక్కా, నా మతి గింతే," అని దస్తికి ఒక ముడి వేసేది. వంచిన ఆ తల నాకింకా కళ్లముందే ఉంది. ఆమె ఎదురుగా కూర్చుని నేనూ నవ్వాను. అది తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

గడపలో ఎంతసేపు నిలబడ్డానో, అవ్వ చాట పక్కన పెట్టి, "పోతవా, పోవా?" అంది.

"మర్చిపోయింది ఆమె గాదవ్వా. నేను."

చెప్పాను. బెంచీ, గోలీ అట్ట, నేను అప్పజెప్పిన మూడు మాటలు, బస్సు కిటికీ. అయ్యాక అవ్వ తన చేతులు చూసుకుంది.

"మీ బాపుకు తెల్సా?"

"తెల్వది."

"తొమ్మిదేండ్లు మొకం మీద అన్న గద నేను. నువ్వు ఇన్నవు."

"ఇన్న."

నన్ను కొడుతుందేమో అనుకున్నాను. లేచి, చేతులకంటిన తంబాకు కడుక్కుని, చీర సర్దుకుంది. "పా," అంది. ఎల్లారెడ్డి దాకా బస్సులో నా పక్కన కూర్చోలేదు.

మేం పోయేసరికి సమాధుల తోటలో ప్రార్థన అయిపోయింది. అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. పారలతో గుట్ట పోశారు. సిస్టరమ్మ మేనకోడలు ఆ దస్తి పట్టుకుని నిలబడి ఉంది. ఇంకా రెండు ముడులున్నాయి, ఎవరి కోసమో తెలియక విప్పలేదంది. ఇళ్లకు వెళ్లినవాళ్లు వెళ్లగా పదిమందిమి మిగిలాం.

అవ్వ కుళాయి నుంచి బకెట్ నీళ్లు తెచ్చింది. గుట్ట పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మట్టి తడిపి, అరచేత్తో అలకడం మొదలుపెట్టింది. మా వంటింట్లో అలికినట్టే, చంద్రవంకల్లాగా, వరస తప్పకుండా. ఇట్లాంటిది తమలో లేదని ఎవరో అనబోతే పాస్టరు గారు చెయ్యెత్తి ఆపారు.

"మీరెవరమ్మా?" అని మేనకోడలు అడిగింది.

"మా ఇంటాయన పానం నిలబెట్టింది ఈమె," అంది అవ్వ, చెయ్యి ఆపకుండా, అందరికీ వినపడేటట్టు. "నేను ఈమెను మతిమరుపుది అన్న. మర్చిపోయింది నా బిడ్డ. ఈమె తన మీద ఏసుకున్నది."

అందరూ నన్ను చూశారు. తల ఎత్తలేకపోయాను.

"ఇటు రా. చెయ్యి పెట్టు," అంది అవ్వ.

నాకు అలకడం రాదు. చెప్పులు విప్పి పక్కన కూర్చుని తడిమట్టిలో చేతులు పెట్టాను. ఏడుస్తూనే సిస్టరమ్మ తల వైపు నుంచి మెల్లగా పూయడం మొదలుపెట్టాను. అవ్వ నా మణికట్టు పట్టుకుని కొంచెం పక్కకు జరిపింది.

"గక్కడ పలుచగున్నది బిడ్డా. ఇంకింత పెట్టు."